హిల్కా గీసిన ఎనిమిది

డిసెంబరు సగానికి వచ్చిందంటే చాలు, యూరప్‌లో ఏ దేశానికా దేశం తన ఆడపిల్లల్లో మంచు మీద ఎవరు మేటో తేల్చుకునే పనిలో పడుతుంది. నా తిరుగుళ్ళలో ఇలాంటి జాతీయ పోటీలు చాలానే చూశాను. ఒక దేశంలో టిక్కెట్టు దొరక్క, హాలు తలుపు సందులోంచి ఒంటికన్నుతో చూశాను. ఇంకో చిన్న దేశంలో పోటీకి వచ్చిందే ముగ్గురు, పతకాలూ మూడే. తగువుకి తావే లేదు. అయినా ముగ్గురూ ఏడ్చారు. మరోచోట ఒక్కతే వచ్చింది. ఒక్కతే ఆడి, ఒక్కతే గెలిచి, అటూ ఇటూ మెట్లు ఖాళీగా ఉండగా నడిమి మెట్టెక్కి నిలబడింది. నవ్వు రావలసిన దృశ్యమే. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల పొద్దున్న నాలుగింటికి లేచి మంచు మీదికి వెళ్ళిన రోజులెన్నో ఆ హాల్లో అందరికీ తెలుసు.

అయితే నేను చెప్పబోయేది మెట్లెక్కినామె కథ కాదు. ఉత్తరాన సరస్సు ఒడ్డునున్న మా ఊరు కార్నలహ్తిలో ఉత్తరాలు పంచే హిల్కా పెసోనెన్ కథ.

ఇప్పుడు స్కేటింగ్ అంటే గాల్లోకి ఎగరడం, బొంగరంలా తిరగడం, కింద పడి లేచి మళ్ళీ నవ్వడం. ఒకప్పుడు అలా కాదు. ముందు గీతలు గీయాలి. పొద్దున్నే, పాట లేకుండా, మెరుపుల గౌను లేకుండా, ఖాళీ హాల్లో. నున్నటి మంచు మీద కాలి బ్లేడు అంచుతో ఒక వలయం, దాని పక్కన ఇంకో వలయం, రెండూ కలిసి ఎనిమిది అంకె. ఒక్కో వలయం మనిషి ఎత్తుకి మూడింతల వెడల్పు. అదే గీత మీద రెండోసారి, అదే గీత మీద మూడోసారి. అప్పుడు జడ్జీలు వంగి, కొందరు మోకాళ్ళ మీద కూచుని, గీతకి గీతకి మధ్య ఎంత ఎడముందో చూస్తారు. చూసి మార్కులు వేస్తారు. వేశాక నీళ్ళబండి వచ్చి, మంచు మీద కొత్త పూత పోసి అంతా చెరిపేస్తుంది. వాకిట్లో ముగ్గుకి కనీసం మధ్యాహ్నం దాకా ఆయుష్షుంటుంది. దీనికి అదీ లేదు. ఇంత కష్టపడి ఇంత త్వరగా చెరిపించుకునే విద్య మరొకటి నేను చూడలేదు. కత్తులు నూరేవాళ్ళనీ, గడియారాలు విప్పేవాళ్ళనీ, గాజు ఊదేవాళ్ళనీ ఊరూరా చూసి వచ్చినవాణ్ణి చెబుతున్నాను.

హిల్కాకి ఎగరడం రాదు. ఎగిరినా పిండిబస్తాలా దిగేది. ఆ మాట అన్నది నేను కాదు, టౌనో. టౌనో అంటే మా హాల్లో మంచు చూసుకునే మనిషి: నీళ్ళబండి తోలడం, గుంటలు పూడ్చడం, ఐసు హాకీ కుర్రాళ్ళని తిట్టడం, అన్నీ అతనే. "అమ్మాయ్, నువ్వు దూకినప్పుడల్లా నాకు బక్కెట్టెడు నీళ్ళు ఖర్చు" అనేవాడు హిల్కాతో. ఆమె "నీ జీతం అందుకేగా తాతా" అనేది. టౌనోకి అప్పటికి యాభై రెండే. తాతా అంటే ఒళ్ళు మండేది.

కాని గీతలు మాత్రం ఆమెవే. అవి ఆమెకి ఎలా వచ్చాయో చెప్పాలి. వాళ్ళ నాన్న ఆంటెరో సరస్సు మీద చేపలు పట్టేవాడు. శీతాకాలం మంచుకి కన్నం పెట్టి, పక్కన పీట వేసుకుని గంటలకొద్దీ కూచునేవాడు. ఆరేళ్ళ పిల్లని ఇంట్లో ఎవరి దగ్గరా వదల్లేక తనతో తెచ్చుకునేవాడు. పిల్ల ఎటో జారిపోతుందన్న భయంతో, మంచులో దిగేసిన ఇనుపగునపానికి తాడు కట్టి, రెండో కొస ఆమె నడుముకి కట్టేవాడు. బర్రెని మేతకి కట్టినట్టే. పిల్ల స్కేట్ల మీద, బిగుతుగా తాడు లాగి పట్టుకుని గునపం చుట్టూ తిరిగేది. ఇక చేసేదేముంది? తిరిగిన చోటే తిరిగేది. నాలుగు శీతాకాలాలు అలా తిరిగింది. ఐదోయేడు ఒకరోజు ఆంటెరో తాడు తేవడం మర్చిపోయాడు. పిల్ల తిరిగింది. సాయంత్రం అతను లేచి చూస్తే, గునపం చుట్టూ గీసిన గీత నిన్నటి గీతే. "తాడు నీ కాళ్ళల్లోకి పాకిందే పిల్లా" అన్నాట్ట. ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు. ఆయన చెప్పిన చేపల బరువులు నేనెన్నడూ నమ్మలేదు గాని, ఈ మాట నమ్మాను.

పద్దెనిమిదో ఏట పోస్టాఫీసులో చేరింది. శీతాకాలం తోపుడు జారుబండి మీద, వేసవిలో సైకిలు మీద, కుడిభుజానికి తోలుసంచి. ప్రతి డిసెంబరు చివర్లో మూడురోజులు సెలవు పెట్టి జాతీయ పోటీలకి వెళ్ళేది. గీతల్లో మూడో స్థానమో నాలుగో స్థానమో వచ్చేది. తర్వాత పాట పెట్టి ఎగరవలసిన రోజున ఎనిమిదికో తొమ్మిదికో జారేది. తిరిగొచ్చి సోమవారం ఉత్తరాలు పంచేది. పెన్షన్ ముసలమ్మలు గుమ్మంలో అడిగేవాళ్ళు:

"ఈసారి ఎన్నోదానివమ్మా?"

"ఎనిమిది."

"పోయినేడు తొమ్మిది కదూ? ఇలా ఎక్కుతూ పోతే నేను పోయేలోగా గెలుస్తావు."

"మీరు పోకండి మరి, తొందరేముంది!"

పదకొండేళ్ళు గడిచాయి. ఆమెకి ఇరవై తొమ్మిది నిండాయి. ఆ శీతాకాలం రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. ఒకటి, ఆ ఏడాది జాతీయ పోటీలు మా కార్నలహ్తిలోనే. రెండోది, వచ్చే ఏడాది నుంచి గీతలుండవు. టీవీలో జనం చూడటం లేదట. ఎక్కడో పెద్దవాళ్ళు కూచుని తీసేశారు.

"మంచిదేలే," అన్నాడు టౌనో కాఫీ చప్పరిస్తూ. "నాకు పని తగ్గుతుంది."

హిల్కా కప్పు కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "మొత్తం పోటీలో ఎన్నోదాన్నైనా ఫర్వాలేదు టౌనో. ఈ ఒక్కసారి గీతల్లో మొదటిదాన్ని కావాలి. తర్వాత అడుగుదామన్నా అడగడానికి ఉండదు."

ఆమె నోటివెంట "కావాలి" అన్న మాట అంతకుముందు నేను వినలేదు.

*

పోటీ పొద్దున్న బయట చలి సున్నాకి దిగువన ముప్ఫై డిగ్రీలు దాటింది. స్కేటింగ్ క్లబ్బు వాళ్ళందరం ఊరికే వచ్చి తలో పని చేస్తున్నాం. కాఫీ బల్ల నాది. యాలకుల బన్నులు ఇంట్లో చేసి తెచ్చిన ఆడవాళ్ళు, ఎవరి బన్నులు ముందు అయిపోతున్నాయో ఓరకంట చూసుకుంటున్నారు. ప్రేక్షకులు నలభైమంది ఉంటారేమో. గీతలు చూడటానికి వచ్చేవాళ్ళు అంతే. వాళ్ళూ గుడిలో ఉన్నట్టు గుసగుసగా మాట్లాడతారు.

మూడు గీతలు గీయాలి. రెండు అయ్యేసరికి హిల్కా మొదటి స్థానంలో ఉంది. రాజధాని నుంచి వచ్చిన అమ్మాయి వెంట్రుకవాసిలో వెనక. మూడోది, ఆఖరిది, ఒంటికాలి ఎనిమిది. ఒక్క తోపుతో బయలుదేరి, ఒకే కాలిమీద రెండు వలయాలూ పూర్తిచెయ్యాలి. రెండోకాలు నేలకి ఆనకూడదు. నెట్టినప్పుడు పుట్టిన ఊపు ఆఖరి జానెడు దాకా సరిపోవాలి.

హిల్కా వంతు వచ్చింది. ఎడమచేతి వైపు మూల ఎంచుకుంది. చేతులు చాచి నిలబడి, కళ్ళతో మధ్యగీత కొలుచుకుంది. కదిలింది.

చప్పుడు గురించి చెప్పాలి. మంచు మీద మంచి అంచు చేసే చప్పుడు పట్టుబట్ట చింపుతున్నట్టు ఉంటుందంటారు. హిల్కాది అంత కూడా ఉండదు. ఎవరో పక్కగదిలో కాగితం తిప్పినట్టు. మొదటి చుట్టు. రెండో చుట్టు. మూడోది. నా చేతిలో కాఫీ చల్లారింది. ఆమె పక్కకి జరిగి, బ్లేడుకి అంటిన మంచు రజను గీత మీద రాలకుండా చూసుకుని, చేతులు కిందికి వేలాడదీసి నిలబడింది.

ఐదుగురు జడ్జీలు దగ్గరికి వెళ్ళారు. వాళ్ళలో పెద్దామె గున్వోర్ ఎక్రూస్. అరవై ఏళ్ళ మనిషి, తలకి బొచ్చుటోపీ, చేతిలో చిన్న చీపురు. ఆమె గీత మీది రజను చిమ్మింది. వంగింది. ఇంకా వంగింది. తర్వాత మెల్లిగా లేచి మిగతా నలుగురి మొహాలూ చూసింది.

"మూడుసార్లు తిరిగింది కదూ?"

"మూడే," అన్నారు వాళ్ళు.

"నాకు ఒకటే గీత కనబడుతోంది."

మేం మంచు చుట్టూ ఉన్న చెక్కగట్టుదాకా జరిగాం. నాకూ కనబడింది. సూదితో గీరినట్టు సన్నటి ఒకే ఒక్క గీత, అంత పెద్ద ఎనిమిది.

అప్పుడే గట్టు మీద వాలి చూస్తున్న మిర్క అనే పిల్ల నోరు జారింది. పదిహేనేళ్ళది, గాల్లో మూడు చుట్లు తిరిగి దిగే పిల్ల, గీతలంటే ఆవులింతలు తీసే పిల్ల. "అరె, అక్కడే కదా తెల్లారగట్ల ప్రాక్టీసులో మా కోచ్ కంపాస్ వేసింది!" అంది.

మంచు మీద వేసే కంపాస్ మన లెక్కల పెట్టెలో ఉండేదే, కాకపోతే మనిషంత ఉంటుంది. ముల్లు మంచులో గుచ్చి, రెండో కాలు సాగదీసి గుండ్రంగా తిప్పితే ఇసుమంతైనా తప్పని వలయం పడుతుంది. పిల్లలు దాని మీద నడిచి నేర్చుకుంటారు. పోటీకి ముందు అవన్నీ కనబడకుండా నీళ్ళు పొయ్యాలి. గీసి ఉన్న గీత మీద నడవడం ఎవరికైనా వస్తుంది. అలా నడిచినట్టు తేలితే ఆ గీతకి సున్నా.

ఎక్రూస్ మొహం బిగిసింది. "మంచు చూసేదెవరు?"

టౌనో బండి దిగి వచ్చాడు. టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"ప్రాక్టీసు తర్వాత ఎన్ని పూతలు వేశావు?"

"ఎప్పుడూ రెండు వేస్తానమ్మగారూ."

"ఇవాళ ఎన్ని వేశావని అడిగాను."

టౌనో హిల్కా వంక చూశాడు. మళ్ళీ టోపీ వంక చూసుకున్నాడు. అబద్ధమాడితే ఎవరికీ తెలిసేది కాదు. అతను చిన్నప్పటినుంచీ ఎరిగిన పిల్ల అక్కడ నిలబడి ఉంది. అయినా అన్నాడు: "ఒకటే. గొట్టం గడ్డకట్టిపోయింది. రెండోదానికి నీళ్ళు రాలేదు."

నా పక్కనున్న బన్నుల ఆవిడ "ఓరి నీ నిజాయితీ తగలెయ్య" అంది, ఊపిరితోనే.

"ముల్లు గుచ్చిన గుంట వెతకండి," అంది ఎక్రూస్. వలయం నడిమధ్య చోట నలుగురూ మోకాళ్ళ మీద కూచున్నారు. టౌనో జేబులోంచి లైటు తీసి మంచుకి ఆనించి పట్టాడు. కాసేపటికి అతని వేలు ఒకచోట ఆగింది. ఆవగింజంత గుంట. పైన పల్చటి పూత, కింద గుంట. అతనే కనిపెట్టాడు, పాపం. మరెవరు పట్టినా అంత బాధ ఉండేది కాదేమో.

"గుంట ఉంది, గీత ఉంది," అంది ఎక్రూస్. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "చూడమ్మా హిల్కా. పదేళ్ళుగా నిన్ను చూస్తున్నాను. కాని మూడుసార్లు తిరిగి ఒకటే గీత గీసిన మనిషిని నలభై ఏళ్ళలో చూడలేదు. నేనేం రాయమంటావు?"

మిర్క ఏడుపు మొదలెట్టింది. "నేను ఊరికే అన్నానత్తా, నాకు తెలీదు..."

"నువ్వు చూసిందే చెప్పావే. ముక్కు తుడుచుకో, గడ్డకడుతుంది," అంది హిల్కా. తర్వాత ఎక్రూస్ వైపు తిరిగింది. మొహంలో రక్తం లేదు. నాకప్పుడు తెలియదు, ఆమె దేన్ని దేనితో తూస్తోందో.

"అమ్మగారూ, కంపాస్ తప్పుతుందా?"

"తప్పదు."

"అయితే ఇలా రండి."

ఆమె కుడి వలయం చుట్టూ నడిచింది, గీతకి దూరంగా, ఎవరి పడకనో దాటుతున్నంత జాగ్రత్తగా. మూడువంతులు దాటాక ఆగి, చేతితొడుగు తీసేసి, మోకాళ్ళ మీద కూచుంది. వేలితో గీత పక్కన చూపించింది.

"ఇక్కణ్ణించి ఇక్కడిదాకా. మూరెడు. లోపలికి వంగింది చూడండి, వేలెడు."

ఎక్రూస్ వంగింది. కనబడలేదు. ఇంకా వంగింది. చివరికి బొచ్చుటోపీ తీసి పక్కనపెట్టి, చెంప మంచుకి ఆనేలా పడుకున్నంత పని చేసి, గీత వెంట చూసింది.

"ఔను," అంది. "ఇది నాకు కనబడలేదు."

"ఎవరికీ కనబడదు. మూడుసార్లూ అక్కడే, అంతే తప్పాను కాబట్టి కనబడదు. కుడిభుజం లాగుతుంది. పదకొండేళ్ళుగా సంచి మోస్తున్నాను కదా. ఎంత పట్టుకున్నా ఆ మలుపులో లాగుతుంది." ఆగింది. "కంపాస్ గీత మీద నేను నడిచి ఉంటే, నేను తప్పిన ఈ మూరెడు చోటా ఆ గీత ఒక్కటీ విడిగా మిగిలి ఉండాలి కదా. బయటి పక్కన, వేలెడు దూరంలో. ఉందేమో చూడండి."

టౌనో లైటు ఆనించాడు. ఎక్రూస్ చీపురుతో చిమ్మింది, తర్వాత వట్టిచేత్తో తడిమింది. మంచు నున్నగా ఉంది. అక్కడ ఏ గీతా లేదు; లోతుగా దిగిన ముల్లుగుంట మిగిలిందే గాని, పైపైన గీసిన కంపాస్ గీతని ఆ ఒక్క పూతే పూడ్చేసింది.

ఒక్కొక్కరే వచ్చారు. ముందు జడ్జీలు. తర్వాత, ఎవరు పిలిచారో తెలియదు, గట్టు తలుపు తీసుకుని కోచ్‌లు, పోటీకొచ్చిన అమ్మాయిలు, బన్నులు తెచ్చిన ఆడవాళ్ళు బూట్లు విప్పి మేజోళ్ళతోనే, వెనక నేను. అందరం మోకాళ్ళ మీద. మూడు గీతలు. అవి మూడని తెలిశాక కూడా విడదీయలేకపోయాను. సరిగ్గా గీసినప్పుడే కాదు, తప్పినప్పుడు కూడా మూడుసార్లూ ఒకేలా తప్పింది ఆ మనిషి. నా జన్మలో ఎన్నో కట్టడాలు చూశాను, పది తరాలు కట్టినవి చూశాను. మా ఊరి పోస్టుమనిషి కాలితో గీసిన ఆ మూరెడు వంపు ముందు అవన్నీ చిన్నబోయాయి. రాజధాని అమ్మాయి నా పక్కనే కూచుని ఉంది. "మనిషే కదా ఈమె" అంది తనలో తాను. ఆమె గొంతులో అసూయ లేదు, భయం లాంటిది ఉంది.

ఎక్రూస్ లేచి టోపీ పెట్టుకుంది. "గీత నీదే," అంది.

"నాదే," అంది హిల్కా.

"కాని తప్పు చూశాక చూడలేదని రాయలేను."

"తెలుసు. తెలిసే చూపించాను."

మార్కులు వచ్చాయి. ఆ వేలెడు వంపుకి ఒక మార్కులో పదోవంతు కోత పడింది. రాజధాని అమ్మాయి మొదటిది, హిల్కా రెండోది. తేడా ఆ పదోవంతే. నోరు మూసుకుని ఉంటే సున్నా. నోరు విప్పితే రెండో స్థానం. మొదటి స్థానానికి దారి ఏ వైపూ లేదు. అయినా ఆ నిమిషంలో ఆమె తూచింది ఇది కాదని నా నమ్మకం. ఆ గీత తనది కాదంటే ఊరుకోలేకపోయింది, అంతే.

టౌనో నీళ్ళబండి ఎక్కాడు. హాలంతా తిరిగాడు, ఆ ఎడమ మూల తప్ప. మళ్ళీ ఒకసారి తిరిగాడు. మూల దగ్గర బండి ఆపి కూచున్నాడు.

"ఏం తాతా, గొట్టం మళ్ళీ గడ్డకట్టిందా?" అంది హిల్కా గట్టు మీంచి.

"నావల్ల కాదే. ఇంకెవరినైనా తోలమను."

"మధ్యాహ్నం పిల్లలు పాటలకి ఎగరాలి. ఆ గాట్లో బ్లేడు పడితే కాలు విరుగుతుంది. నీళ్ళు పొయ్యి."

అతను పోశాడు. ఆవిరి లేచింది. మేం నలభైమందిమీ, ఎవరినో సాగనంపుతున్నట్టు, అది ఆరిపోయేదాకా నిలబడ్డాం.

ఎగిరే పోటీలో ఆమె రెండుసార్లు పడింది. మొత్తం మీద ఏడో స్థానం. ఎగరడంలో మిర్క అందరినీ మించింది. సోమవారం ముసలమ్మ గుమ్మంలో అడిగింది. "ఏడు" అంది హిల్కా. "చూశావా, ఎక్కుతున్నావు" అంది ముసలమ్మ.

ఆ సోమవారమే టౌనో ఒకటి గమనించాడు. ఉత్తరాల సంచి ఎడమభుజానికి మారింది.

"ఇప్పుడెందుకే? గీతలు తీసేశారుగా. ఎవరికి చూపించాలని?"

"భుజం తిన్నగా అవ్వాలిగా."

"దేనికని అడుగుతున్నా!"

ఆమె ఉత్తరం చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మళ్ళీ నవంబరు వచ్చింది. సరస్సు కొత్తగా గడ్డకట్టి, ఇంకా పైన తెల్లమంచు కురవక, నల్లటి అద్దంలా మూడు రోజులుంటుంది. ఆ మూడు రోజుల్లో ఒక పొద్దున్న టౌనో నన్ను లేపి తీసుకెళ్ళాడు. హిల్కా అప్పటికే ఎనిమిది గీసేసి, సంచి తగిలించుకుని, డ్యూటీకి బయలుదేరుతోంది. టౌనో మోకాళ్ళ మీద కూచున్నాడు. కుడి వలయం మూడువంతుల దగ్గర మొదలుపెట్టి, ముక్కు మంచుకి ఆనేలా వెతికాడు. పూర్తిగా చుట్టి వచ్చాడు. ఎడమ వలయం కూడా చుట్టి వచ్చాడు. మోకాళ్ళు తడిసి, మీసాల్లో మంచు పట్టి, తల ఎత్తి అరిచాడు.

"ఏదే ఆ వంపు? పోయిందే! ఏదీ, ఎక్కడా లేదే!"

హిల్కా జారుబండి మీద అప్పటికే ఒడ్డు దగ్గరికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరక్కుండానే కేకేసింది.

"ఉంది తాతా! ఎక్కడుందో నాకు తెలుసు. నువ్వు వెతుక్కో!"